ఉబ్బిన పవర్ బ్యాంక్ నుంచి కోబాల్ట్ దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి రాస్తూ, బ్యాటరీ పనికిరాకుండా పోయాక దాన్నేం చేయాలో ఇంకోసారి మాట్లాడుకుందాం అన్నాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. ఇంట్లో సొరుగుల్లో పడి ఉన్నవాటి గురించి అడిగినవాళ్లు కొందరైతే, దీంతో వ్యాపారం పెట్టొచ్చా అని అడిగినవాళ్లు అంతకంటే ఎక్కువ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, కొన్నింటిని కుదించి, పేర్లు తీసేసి ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో నాలుగు పాత ఫోన్లు, ఉబ్బిపోయిన పవర్ బ్యాంక్ ఒకటి ఉన్నాయి. పాత సామాన్లతను అన్నింటికీ కలిపి ఒక ప్లాస్టిక్ బకెట్ ఇస్తానంటున్నాడు. వాటిలో బంగారం ఉంటుంది, ఇవ్వొద్దని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు? (గృహిణి, నెల్లూరు)

ఇవ్వొద్దన్న మాట వరకు మీవారిదే కరెక్టమ్మా. బంగారం సంగతి వేరు. ఫోన్‌లో అది ఉండేది సర్క్యూట్ బోర్డు మీద, అదీ మిల్లీగ్రాముల లెక్కలో. బ్యాటరీలో బంగారం ఉండదు. అందులో ఉండేవి కోబాల్ట్, లిథియం, రాగి, అల్యూమినియం, గ్రాఫైట్. ఫోన్ బ్యాటరీల్లో ఎక్కువగా వాడేది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అనే నల్లటి పొడి. దాని బరువులో 60 శాతం కోబాల్టే, 7 శాతం లిథియం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఈ పొడి దాదాపు 30 గ్రాములు పడుతుంది, అంటే 15 గ్రాములకు పైగా కోబాల్ట్, 2 గ్రాముల లిథియం. ఒక్క ఫోన్‌కి చూసుకుంటే అది పదుల రూపాయల సరుకే, కానీ మీ వీధిలో, మీ ఊళ్లో సొరుగుల్లో ఉన్న ఫోన్లన్నీ ఒకచోటికి చేరితే కిలోల కొద్దీ కోబాల్ట్ అవుతుంది. మన దేశం కోబాల్ట్‌ని బయటి నుంచే కొనుక్కుంటోంది కాబట్టి ఆ కిలోలు చిన్న విషయం కాదు.

ముందు ఆ పవర్ బ్యాంక్ సంగతి చూడండి, నాకు మీ ఉత్తరంలో టెన్షన్ పెట్టింది అదొక్కటే. లోపల ఉన్న ద్రవం విడిపోయి గ్యాస్ తయారైతేనే బ్యాటరీ ఉబ్బుతుంది. దాన్ని ఇంక ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గ్యాస్ పోతుందని సూదితో గుచ్చకండి. పిల్లలకు అందని చోట, వంటింటికి, మంచాలకు దూరంగా, పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి బాల్కనీలో నీడన ఉంచండి. వీలైనంత త్వరగా ఇంట్లోంచి పంపించేయండి. ఫోన్ల విషయంలో బ్యాటరీ విడిగా ఊడదీయొద్దు, ఫోన్‌తో సహా ఇచ్చేయడమే మంచిది. ఫొటోలు, బ్యాంక్ యాప్‌లు మాత్రం చెరిపేసి ఇవ్వండి.

ఎవరికివ్వాలి అంటే, 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీదే, అది పాడయ్యాక వెనక్కి సేకరించే బాధ్యత కూడా. బ్యాటరీ మీద కొట్టేసిన చెత్తబుట్ట గుర్తు ఉంటుంది చూడండి, దీన్ని మామూలు చెత్తలో వేయకూడదని దానర్థం. కాబట్టి ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, పాతవి ఎక్కడ తీసుకుంటారని గట్టిగా అడగండి, అది మీ హక్కు. పాత సామాన్లతని మీద కోపం పెట్టుకోవద్దు, అతనికి ఇది బతుకుతెరువు. కానీ అతని దగ్గరకు వెళ్లిన బ్యాటరీ సుత్తి దెబ్బకో మంటకో గురయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ సంగతి కింది ప్రశ్నలో చూడండి.

ప్రశ్న: అక్కా, మాది హైదరాబాద్ శివార్లలో స్క్రాప్ షాపు. ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్యాకులు, ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఈమధ్య బాగా వస్తున్నాయి. కాలిస్తే ప్లాస్టిక్ పోయి రాగి తేలిగ్గా వస్తుందని పక్క షాపు కుర్రాళ్లు చెప్తున్నారు. ఉప్పు నీళ్లలో నానబెట్టి పగలగొట్టమని ఇంకొకాయన అంటున్నాడు. ఏది మంచిది?

తమ్ముడూ, రెండూ వద్దు. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు, నీ ప్రాణం, నీ దగ్గర పనిచేసేవాళ్ల ప్రాణం గురించి చెప్తున్నాను.

బ్యాటరీ లోపల ద్రవంలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే ఉప్పు కరిగి ఉంటుంది. దానికి వేడి తగిలినా, తేమ తగిలినా హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది, చర్మం గుండా లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంని పట్టేసుకుంటుంది, ఒక్కోసారి నొప్పి కూడా వెంటనే తెలియదు, గంటల తర్వాత తెలుస్తుంది. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే ఆగేది కాదది. ఇంక డబ్బు లెక్క చూసుకున్నా కాల్చడం నష్టమే. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు కాబట్టి నీకు రాగి దొరికినట్టు కనిపిస్తుంది, కానీ అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగి మిగతావాటితో కలిసి ముద్దయిపోతుంది, అసలు విలువైన నల్లపొడి బూడిదలో కలిసి మట్టిపాలవుతుంది. రాగి కోసం కోబాల్ట్‌ని పారేసుకుంటున్నావన్నమాట.

ఉప్పు నీళ్ల సంగతి. ప్రయోగశాలల్లో చిన్న చిన్న సెల్స్‌లో మిగిలిన ఛార్జ్ దించడానికి ఈ పద్ధతి వాడతారు, నిజమే. అక్కడ కూడా సెల్ పూర్తిగా డిశ్చార్జ్ అవకముందే దాని కొనలు తుప్పుపట్టి తినేసుకుపోతాయి, లోపలి ద్రవం నీళ్లలోకి కారుతుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, ఆ నీళ్లు మళ్లీ విషవ్యర్థమే. వాటిని నువ్వు మోరీలో పోస్తే ఎవరి బోరులోకి దిగుతాయో తెలియదు. పైగా స్కూటర్ ప్యాక్ అంటే ఒక సెల్ కాదు, 48 వోల్టులో 72 వోల్టులో ఉండే కట్ట, దాన్ని అలాగే నీళ్లలో పడేయడం అంటే ప్రమాదాన్ని చేతులారా పిలవడమే.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద మంటలు లేస్తే పొగ పైఅంతస్తుల్లోకి కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. పైన మనుషులు పడుకునే బిల్డింగ్‌లో కింద బ్యాటరీలు పోగేయకూడదని ఆ రాత్రి తర్వాత కూడా మనం నేర్చుకోకపోతే ఎలా? నీ షాపు వెనక గదిలో పనివాళ్లు పడుకుంటుంటే ఈరోజే బ్యాటరీలను అక్కడి నుంచి తీసేయించు.

మరి వచ్చిన సరుకుని ఏం చేయాలి? విప్పకు. కొనలకు టేపు చుట్టు. ఉబ్బినవి, దెబ్బతిన్నవి విడిగా, ఇసుకలో. మిగతావి ఎండ, వాన తగలని చోట కొద్దికొద్దిగా పెట్టుకుని, పోగుపడకుండా ఎప్పటికప్పుడు పంపించేయి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయిన రీసైక్లర్లు ఉన్నారు, వాళ్లకు సరుకు కావాలి. ఎందుకంటే ఎంత రీసైకిల్ చేశారో దాన్ని బట్టే వాళ్లకు ఈపీఆర్ (కంపెనీ తన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తీరిందని చూపే) సర్టిఫికెట్లు వస్తాయి, వాటిని బ్యాటరీ కంపెనీలు కొనుక్కుంటాయి. కాబట్టి బేరమాడు, నీ చేతిలో సరుకుంది. ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఒక కుప్ప, వాహనాల ప్యాకులు ఒక కుప్పగా వేరుచేసి ఇస్తే ధర బాగా పలుకుతుంది, కలిపి ఇస్తే అన్నింటికీ తక్కువ రకం రేటే కడతారు.

ఒకవేళ మంట అంటుకుంటే 101కి ఫోన్ చేసి అందరినీ దూరంగా తీసుకెళ్లు. లిథియం కదా, నీళ్లు పోస్తే పేలుతుందని చాలామంది అనుకుంటారు. లిథియం అయాన్ బ్యాటరీలో లోహరూపంలో ఉండే లిథియం మామూలుగా ఉండదు, దాన్ని చల్లార్చడానికి ఫైర్‌వాళ్లు వాడేది నీళ్లే, బాగా ఎక్కువ నీళ్లు. ఆరిపోయిందనుకున్నది గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు కూడా, అందుకే ఆ పని వాళ్లకే వదిలేయి.

ప్రశ్న: నా దగ్గర పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఉన్నాయి. వచ్చే నెల ఇంటికి వస్తున్నాను, తెచ్చి మన ఊళ్లో రీసైక్లింగ్‌కి ఇవ్వొచ్చా? (డాలస్)

వద్దు. విడి బ్యాటరీలను చెక్-ఇన్ లగేజీలో అసలు ఒప్పుకోరు, పాడైనవాటిని చేతిసంచిలో కూడా తేకూడదు. మీ దగ్గరే హోమ్ డిపో, లోస్ లాంటి షాపుల్లో పాత రీఛార్జబుల్ బ్యాటరీలు వేసే డబ్బాలు ఉంటాయి, కొనలకు టేపు వేసి అక్కడ ఇచ్చేయండి. దెబ్బతిన్నదైతే మాత్రం డబ్బాలో వేయకుండా ముందు వాళ్లనడగండి.

ప్రశ్న: మేడమ్, నేను కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. బ్యాటరీ నుంచి లోహాలను వేరు చేయడం గురించి ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ఎక్కడ చూసినా ‘యాసిడ్‌లో కరిగిస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అసలు ఏం జరుగుతుందో వివరంగా చెప్తారా? (కాకినాడ)

బాబూ, ఈ ప్రశ్నకు నేను ఎంత పెద్ద జవాబైనా రాస్తాను, చోటు మాత్రం సంపాదకుల చేతిలో ఉంది.

రెండు దారులున్నాయి. మొదటిది కొలిమి దారి. బ్యాటరీలను పెద్దగా విప్పకుండానే బాగా వేడిగా ఉన్న కొలిమిలో వేస్తారు. బెల్జియంలో హోబోకెన్ దగ్గర ఉమికోర్ అనే కంపెనీ వాళ్లది దీనికి పేరుపడిన ప్లాంటు. లోపలి ప్లాస్టిక్, ద్రవం కాలి వేడినిస్తాయి, గ్రాఫైట్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ని లాగేసే పని చేస్తుంది. అడుగున కోబాల్ట్, నికెల్, రాగి కలిసిన మిశ్రమలోహం దిగుతుంది. లాభం ఏమిటంటే ఏ రకం బ్యాటరీ వచ్చినా మింగేస్తుంది. నష్టం ఏమిటంటే లిథియం, అల్యూమినియం, చాలావరకు మాంగనీస్ పైన తేలే స్లాగ్ అనే తెట్టులోకి పోతాయి. ఆ స్లాగ్ నుంచి లిథియాన్ని మళ్లీ బయటికి తీయడం అదనపు ఖర్చు.

రెండోది నీళ్ల దారి, హైడ్రోమెటలర్జీ. మన దేశంలో ఎక్కువమంది పట్టుకున్నది ఇదే. ముందు డిశ్చార్జ్, తర్వాత నైట్రోజన్ నింపిన గదిలోనో నీళ్ల కిందో ముక్కలు చేయడం, ఆక్సిజన్ తగిలితే నిప్పు పుడుతుంది కాబట్టి. ద్రవాన్ని ఆరబెట్టి ఆవిరిని పట్టేసుకుంటారు. అయస్కాంతంతో ఇనుము, జల్లెడతో రాగి, అల్యూమినియం రేకులు పోగా మిగిలేదే బ్లాక్ మాస్. అందరూ మాట్లాడుకునే నల్లపొడి అదే, క్యాథోడ్ (బ్యాటరీ పాజిటివ్ వైపు పొర) పదార్థం, గ్రాఫైట్ అందులో కలిసిపోయి ఉంటాయి.

ఇక్కడి నుంచి అసలు కెమిస్ట్రీ. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి 60 నుంచి 80 డిగ్రీల వేడిలో కలియబెడతారు. పెరాక్సైడ్ ఎందుకో నీకు తెలిస్తే సగం ప్రాజెక్టు అర్థమైనట్టే. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌లో కోబాల్ట్ +3 స్థితిలో ఉంటుంది, ఆ స్థితిలో అది ఆమ్లానికి సరిగా లొంగదు. మనం మామూలుగా ఆక్సీకరణికి వాడే పెరాక్సైడ్ ఇక్కడ తిరగబడి క్షయకరణిగా పనిచేస్తుంది, కోబాల్ట్‌ని +2కి దించి, తను ఆక్సిజన్‌గా వెళ్లిపోతుంది. రెండు అణువుల లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌కి మూడు అణువుల ఆమ్లం, ఒక అణువు పెరాక్సైడ్. వచ్చేది కోబాల్ట్ సల్ఫేట్, లిథియం సల్ఫేట్, నీళ్లు, ఆక్సిజన్. ఆ సమీకరణాన్ని నువ్వే రాసి సరిచూసుకో. గ్రాఫైట్ కరగదు, వడపోతలో మిగిలిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది అన్నీ కలిసిన ద్రావణం. పీహెచ్‌ని మెల్లగా పెంచుతూ పోతే ఇనుము ముందు, అల్యూమినియం ఆ తర్వాత హైడ్రాక్సైడ్‌గా గడ్డకడతాయి. ఇక్కడ తొందరపడితే వాటితోపాటు నికెల్, కోబాల్ట్ కూడా చిక్కుకుని పోతాయి, నష్టం మొదలయ్యేది ఇక్కడే. తర్వాత సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్. కిరోసిన్ లాంటి నూనెలో డీ2ఈహెచ్‌పీఏ అనే పదార్థం కలిపి ద్రావణంతో బాగా కలియబెట్టి వదిలేస్తే మాంగనీస్ నూనె పొరలోకి వెళ్తుంది. కోబాల్ట్‌నీ నికెల్‌నీ విడదీయడం ఇంకా కష్టం, పీరియాడిక్ టేబుల్‌లో పక్కపక్కనే ఉండే ఈ రెండూ నీళ్లలో దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. దానికి సయానెక్స్ 272 అనే పదార్థం ఉంది. పీహెచ్ 5 దగ్గర పెడితే అది కోబాల్ట్‌ని పట్టుకుంటుంది, నికెల్‌ని నీళ్లలోనే వదిలేస్తుంది. నూనెలోని కోబాల్ట్‌ని మళ్లీ ఆమ్లంతో కిందికి దించి, కోబాల్ట్ సల్ఫేట్ స్ఫటికాలుగా తీస్తారు.

చివరికి మిగిలేది లిథియం. ద్రావణాన్ని చిక్కబరిచి, 90 డిగ్రీల దగ్గర సోడియం కార్బొనేట్ వేస్తే లిథియం కార్బొనేట్ తెల్లగా అడుగున దిగుతుంది. వేడిగా ఉన్నప్పుడే ఎందుకు? పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, లిథియం కార్బొనేట్ దానికి సరిగ్గా రివర్స్. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లలో 1.3 గ్రాములు కరిగితే, 100 డిగ్రీల దగ్గర 0.7 గ్రాములే కరుగుతుంది. అందుకే వేడిలోనే వడకట్టేస్తారు, చల్లారనిస్తే సరుకు మళ్లీ నీళ్లలోకి పోతుంది.

ప్రాజెక్టుకి నా సలహా ఒకటుంది. ఆమ్లం మార్చి 98 శాతం వచ్చింది, 99 శాతం వచ్చింది అని చూపించే పేపర్లు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. ఈ పద్ధతిలో ఎవరూ పెద్దగా మాట్లాడనిది సోడియం సల్ఫేట్. ఆమ్లం వేసి, క్షారం వేసి, సోడా వేసి ఇన్ని మెట్లెక్కాక ఆఖర్న ఉప్పునీళ్ల రూపంలో అదే బోలెడంత మిగులుతుంది, ప్లాంటు పెట్టినవాళ్లకు నిజమైన తలనొప్పి అదే. దాని మీద పనిచేయి. బ్యాటరీని కరిగించకుండా, క్యాథోడ్ పొడిలో తగ్గిన లిథియాన్ని తిరిగి నింపి బాగుచేసే డైరెక్ట్ రీసైక్లింగ్ మీద కూడా చదువు. హైదరాబాద్ చెర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ రకరకాల లిథియం బ్యాటరీలను కలిపి శుద్ధి చేసే పద్ధతిని తయారుచేసి, 2023లో తొమ్మిది సంస్థలకు అందించింది. లిథియం, కోబాల్ట్, నికెల్, మాంగనీస్‌లలో 95 శాతానికి పైగా తిరిగి వస్తాయని వాళ్లు చెప్పారు. అక్కడ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో మీ సార్ల ద్వారా అడుగు. ఇంకొక్క మాట, హాస్టల్ గదిలో సెల్ విప్పకు, ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే గూడు) లేకుండా అసలే వద్దు.

ప్రశ్న: నేను ఎలక్ట్రిక్ ఆటో నడుపుతా. బ్యాటరీ పోయింది, కొత్తది వేయించుకున్నా. పాతదానికి రేటు అడిగితే ఇది ఎల్ఎఫ్‌పీ, ఇందులో ఏమీ లేదు అని చాలా తక్కువ చెప్తున్నారు. మోసం చేస్తున్నారా? (వరంగల్)

పూర్తిగా మోసం కాదన్నా, కానీ ‘ఏమీ లేదు’ అన్నది అబద్ధం. ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అందులో కోబాల్ట్, నికెల్ లేవు, ఇనుముకి పెద్ద విలువ లేదు, అందుకే రేటు తక్కువ. కానీ లిథియం ఉంది, రాగి ఉంది. కిలోవాట్ అవర్‌కి, అంటే ఒక యూనిట్ కరెంటు నిల్వకి, ఆ పొడి సుమారు 2 కిలోలు పడుతుందనుకుంటే, మీ ఆటోలో 8 కిలోవాట్ అవర్ల ప్యాక్ ఉంటే 16 కిలోలు. ఆ పొడిలో లిథియం 4.4 శాతం, అంటే 700 గ్రాములు. కార్బొనేట్ రూపంలో చూస్తే మూడున్నర కిలోల పైనే. ఆస్ట్రేలియాలో గనుల నుంచి తవ్వి, శుద్ధి చేసి ఓడల్లో పంపే స్పోడుమీన్ ఖనిజంలో కూడా లిథియం 3 శాతం లోపే ఉంటుంది. మరి ‘ఏమీ లేదు’ ఎలా అవుతుంది? చైనాలో ఈ పొడి నుంచి లిథియాన్ని మాత్రమే బయటికి లాగి, ఇనుము ఫాస్ఫేట్‌ని అలాగే వదిలేసే పద్ధతులు నడుస్తున్నాయి, ఇక్కడా రావాలి.

అమ్మే ముందు ఒకటి అడగండి. ప్యాక్ మొత్తం పోయిందా, లేక కొన్ని సెల్స్‌ వల్ల, లేదా సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ అనే ఎలక్ట్రానిక్ బోర్డు వల్ల ఆగిపోయిందా? వాహనానికి పనికిరాని ప్యాక్‌లో చాలాసార్లు 70, 80 శాతం సామర్థ్యం మిగిలే ఉంటుంది. అలాంటివాటిని రిఫర్బిషర్లు, అంటే పాతవి బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు, పరీక్షించి సోలార్ నిల్వకి వాడతారు, వాళ్లిచ్చే రేటు తుక్కు రేటు కంటే మెరుగ్గా ఉంటుంది. కొత్త బ్యాటరీ అమ్మినవాళ్లను కూడా పాతది తీసుకుని ఎంతో కొంత తగ్గించమని అడగండి. ఇంటి దగ్గర మెకానిక్ చేత విప్పించి మంచి సెల్స్ ఏరించి ఇన్వర్టర్‌కి కట్టించుకునే పని మాత్రం పెట్టుకోకండి. సామర్థ్యం కలవని సెల్స్‌ని కలిపి కట్టడం చాలా ప్రమాదం.

ప్రశ్న: యూట్యూబ్‌లో చూశాను, తక్కువ పెట్టుబడితో బ్లాక్ మాస్ యూనిట్ పెట్టి నెలకు లక్షలు సంపాదించొచ్చట. గుంటూరు దగ్గర స్థలం ఉంది, 20 లక్షలు పెట్టగలను. ముందుకెళ్లమంటారా?

ఆ వీడియో చూసి మాత్రం వెళ్లకండి.

ధరల సంగతి చూడండి. 2022 నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ దాదాపు 6 లక్షల యువాన్లు పలికింది. ఏడాది తిరిగేసరికి లక్ష దగ్గరికి పడింది. మీరు కొన్న తుక్కు గోదాములో ఉండగానే దాని విలువ ఆరో వంతుకి పడిపోతే తట్టుకోగలరా? పెద్దవాళ్లే తట్టుకోలేకపోయారు. లై-సైకిల్ అనే కెనడా కంపెనీ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పెద్ద ప్లాంటు మొదలుపెట్టింది, ఖర్చు అంచనాలు దాటిపోవడంతో 2023 అక్టోబరులో పని ఆపేసింది, 2025లో దివాలా పిటిషన్ వేసింది.

ప్రభుత్వ సాయం నిజంగానే ఉంది, అది కూడా చెప్పాలి. 2025 బడ్జెట్‌లో లిథియం అయాన్ బ్యాటరీ తుక్కు మీద మౌలిక దిగుమతి సుంకం ఎత్తేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కి 1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, అందులో మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకే కేటాయించారు. కానీ జాగ్రత్తగా చదవండి: లోహాన్ని నిజంగా బయటికి తీసేవాళ్లకే ఆ సాయం, ఒట్టి బ్లాక్ మాస్ తయారుచేసి అమ్మేవాళ్లకు కాదు. ఇది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. మన దగ్గర పొడి చేసి విదేశాలకు పంపేస్తే కాలుష్యం మనకి, కోబాల్ట్ వాళ్లకి. ఆ యూట్యూబ్ వీడియోలో ఈ ముక్క చెప్పారా?

ముక్కలు చేసే యంత్రం ఒక్కటే కాదు, నైట్రోజన్, గ్యాస్ శుద్ధి చేసే స్క్రబ్బర్, అగ్నిమాపక ఏర్పాట్లు, వ్యర్థజలాల శుద్ధి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, ఇవన్నీ 20 లక్షల్లో రావు. ఇవి లేకుండా పెట్టే యూనిట్ మీ పక్క పొలాలకు, మీ పనివాళ్లకు శాపం అవుతుంది. మీకు ఈ రంగం మీద ఆసక్తి నిజమైతే సేకరణ వైపు రండి. దేశంలో లోహం తీసే పద్ధతికి కొరత లేదు, సరుకు చేతికి అందడమే కొరత. గుంటూరు, తెనాలి, నరసరావుపేట చుట్టూ ఉన్న మొబైల్ రిపేర్ షాపులు, ఆటో మెకానిక్‌ల నుంచి భద్రంగా సేకరించి, రకాల వారీగా వేరుచేసి, రిజిస్టర్ అయిన రీసైక్లర్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకుని పంపే పని. దానికీ అనుమతులు, మంచి గోదాము, బీమా కావాలి, కానీ అది మీ స్థాయికి అందే పని, జనానికి కావలసిన పని కూడా.

ప్రశ్న: కారు బ్యాటరీల్లోని సీసాన్ని ఎప్పటి నుంచో తిరిగి వాడుతున్నాం కదా. లిథియం విషయంలో ఇంత హడావుడి ఎందుకు? కాశ్మీర్‌లో లిథియం దొరికిందన్నారు, ఇంక ఈ పాతవాటితో పనేముంది? (రిటైర్డ్ హెడ్మాస్టర్, అనంతపురం)

మాస్టారూ, సీసం బ్యాటరీలో ఉండేది ప్రధానంగా ఒకే లోహం. తేలిగ్గా కరుగుతుంది, అన్ని కంపెనీల బ్యాటరీలూ ఒకేలా ఉంటాయి, పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇచ్చే అలవాటు కూడా స్థిరపడింది. లిథియం బ్యాటరీలో కంపెనీకో రసాయనం, కంపెనీకో అమరిక. జిగురుతో అతికించేస్తారు, విప్పడమే పెద్ద పని. లోపల ఏముందో పైన సరిగ్గా రాయరు కూడా. అలా రాయడం తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేస్తే రీసైక్లర్ల పని సగం తేలికవుతుందని నా నమ్మకం.

కాశ్మీర్ విషయం. జమ్మూకాశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజం ఉన్నట్టు 2023 ఫిబ్రవరిలో ప్రకటించారు. అది ప్రాథమిక అంచనా, ఆ తర్వాత వేలం పెడితే తగినంతమంది ముందుకు రాక 2024లో రద్దయింది. గని అంటే అన్వేషణ, అనుమతులు, తవ్వకం, శుద్ధి అన్నీ కలిసి ఏళ్ల తరబడి పని. కోబాల్ట్ అయితే ప్రపంచ ఉత్పత్తిలో 70 శాతానికి పైగా ఒక్క కాంగోలోనే, అక్కడి గనుల్లో పిల్లలు పనిచేస్తున్న సంగతి లోకానికి తెలిసిందే. ఒకసారి అంత కష్టంతో బయటికొచ్చిన లోహాన్ని మనం చెత్తకుప్పలో కలపడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అలాగని రీసైక్లింగ్‌తోనే మన అవసరం తీరదు. ఈరోజు రోడ్డెక్కిన వాహనం బ్యాటరీ ఎనిమిది, పదేళ్ల తర్వాత కానీ వెనక్కి రాదు, ఆ లోపల అమ్మకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. గనులూ కావాలి, ఇదీ కావాలి. ఇప్పుడే మొదలుపెడితేనే ఆ పెద్ద అల వచ్చేసరికి ప్లాంట్లు సిద్ధంగా ఉంటాయి. మన నిబంధనల ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల్లో తిరిగి రాబట్టాల్సిన పదార్థం 2024-25లో 70 శాతం, 2026-27 నుంచి 90 శాతం. కొత్త బ్యాటరీల్లో కూడా 2027-28 నుంచి 5 శాతం, 2030-31కి 20 శాతం రీసైకిల్ చేసిన పదార్థం వాడాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీ వస్తోంది. దానికి దగ్గర్లోనే లోహుమ్ సంస్థ రీసైక్లింగ్, శుద్ధి యూనిట్‌కి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. సెల్ తయారీలో పోయే తుక్కు, ఊళ్లలోంచి వచ్చే పాతవి రెండూ మన దగ్గరే లోహంగా మారే ఏర్పాటు ఇది. ఇది నిజంగా నడవాలంటే ఊళ్లలోంచి పాతవి రావాలి కదా.

ప్రశ్న: మా హైస్కూల్లో పిల్లల చేత పాత ఫోన్లు, బ్యాటరీలు సేకరించి ఇద్దామనుకుంటున్నాం. జాగ్రత్తలు చెప్పండి. (సైన్స్ టీచర్, సిద్దిపేట)

చాలా మంచి ఆలోచన టీచర్‌గారూ. ముందు సేకరించి తర్వాత ఎవరికివ్వాలా అని వెతక్కండి. రిజిస్టర్ అయిన రీసైక్లర్‌తో మాట్లాడి, వాళ్ల బండి వచ్చే తేదీ ఖాయం చేసుకుని, ఆ ఒక్కరోజే తెమ్మనండి, స్కూల్లో రాత్రిపూట ఏదీ నిల్వ ఉండకూడదు. పిల్లలు ఒంటరిగా తేవద్దు, తల్లిదండ్రులు తెచ్చి ఇవ్వాలి. ఉబ్బినవి, కారుతున్నవి, కాలిన వాసన వస్తున్నవి స్కూలుకి తేవద్దని ముందే చీటీ రాసి పంపండి, అలాంటివి ఉన్న ఇళ్ల నుంచి నేరుగా తీసుకెళ్లమని ఆ సంస్థనే అడగండి. విడి బ్యాటరీల కొనలకు టేపు వేసే పని పెద్దలే చేయాలి. వర్షం లేని రోజు, తరగతి గదుల్లో కాకుండా ఆరుబయట నీడన టేబుల్ వేసుకోండి, పక్కనే ఇసుక బకెట్లు. బండి వెళ్లేటప్పుడు ఎన్ని కిలోలు తీసుకెళ్లారో రాసిన రసీదు తీసుకుని నోటీసు బోర్డు మీద పెట్టండి.